ఒక మాను, రెండు ఏరులు

తాటిచెట్టును మన భాష ఎత్తుకు కొలబద్ద చేసుకుంది. పిల్లవాడు ఎదిగితే తాడంత ఎదిగాడంటాం. దాని కింద కూర్చుని పాలు తాగినా కల్లే తాగాడంటారని లోకం నోటికి భయపడమంటాం. అందం మాట వచ్చేసరికి మాత్రం పూత పట్టిన మామిడి దగ్గరికో, ఊడలు దించిన మర్రి దగ్గరికో వెళ్ళిపోతాం. తాడికి కొమ్మ లేదు, రెమ్మ లేదు, నలుగురు కూర్చునేంత నీడ లేదు. నేలలోంచి నిటారుగా లేచిన ఒక నల్లని గీత, ఆ గీత కొసన గుండ్రంగా విచ్చుకున్న ముప్పయి నలభై ఆకులు. అంతే. ఇంత తక్కువ సామగ్రితో నిలబడ్డ రూపం మన పొలాల్లో మరొకటి కనబడదు. నా మటుకు నాకు, మన నేల మీద మొలిచే చెట్లన్నిటిలో శిల్పం పూర్తిగా కుదిరింది తాడిలోనే.

ఆ గీత లోపల రెండు ఏరులున్నాయి. ఒకటి నీళ్ళది, ఒకటి తీపిది. మొదటిది వేళ్ళనుంచి ఆకులకు ఎక్కుతుంది. రెండోది ఆకుల్లో పుట్టి గెలలకూ, మొవ్వుకూ, వేళ్ళకూ పారుతుంది. ఈ రెండూ పారే తీరు తెలిసినవారికి తాడి మరో ఆకారంలో ఉండడానికి వీల్లేదని అర్థమవుతుంది. కావ్యంలో వస్తువూ రూపమూ విడదీయడానికి వీల్లేనంతగా కలిసిపోవాలని విమర్శకులు కోరుకుంటారు. ఆ కోరిక తీరిన చోటు ఒకటి చెరువు గట్టున నిలబడి ఉంది.

రెండు ఏరులు అన్ని చెట్లలోనూ ఉంటాయి. వేపలో, చింతలో, టేకులో బెరడు కింద విభాజ్య కణావళి అనే పలచని పొర ఉంటుంది. అది ఏటేటా లోపలివైపు కొత్త కలపను, బయటివైపు కొత్త పోషక కణజాలాన్ని పోస్తూనే ఉంటుంది. పాత నీటి నాళాలు మూసుకుపోయినా నష్టం లేదు, వచ్చే వానాకాలానికి కొత్తవి తయారు. టేకు దుంగ కోతలో కనిపించే వలయాలు ఆ తిరగరాతల గుర్తులే. తాడికి ఈ విభాజ్య కణావళి లేదు. అది గడ్డి, వరి, జొన్నల వైపు చుట్టం, ఏకదళబీజం. దాని మానులో వలయాలుండవు. ఒకసారి పోసుకున్న నాళాలే దానికి జీవితాంతం దిక్కు. ఇరవై ఏళ్ళ వయసులో ఏ నాళం గుండా నీళ్ళు తెచ్చుకుందో, ఎనభయ్యో ఏట కూడా ఆ నాళం గుండానే తెచ్చుకోవాలి. కొట్టివేతలు లేకుండా ఒక్క ఊపున రాసి, నూరేళ్ళు నిలబెట్టాల్సిన రచన అది. తాడి అందం మొత్తానికి మూలం ఈ నియమంలోనే ఉంది.

ఆ రచనను దగ్గర్నుంచి చదవాలంటే పాత పెంకుటింటి తాటి దూలం కొస చూడాలి. రంపంతో నున్నగా కోసిన కొస అయితే మరీ మంచిది. లేత గోధుమ రంగు మీద వేలకొద్దీ నల్లని చుక్కలు కనిపిస్తాయి. అంచున అవి ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దట్టం. లోపలికి పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది. నడిమధ్యకు వచ్చేసరికి చుక్కలు పలచబడి, మెత్తని దూటే ఎక్కువగా ఉంటుంది. ఆ మెత్తన తొలిచేసి కొల్లేటి వాళ్ళు తాటి మానును దోనె చేసుకుంటారు. అంచు గట్టితనమే మానును గాలివానకు నిలబెట్టింది, అదే దోనెను నీళ్ళ మీద నిలబెడుతుంది.

ఒక్కో చుక్కా ఒక నాళికా పుంజం. భూతద్దం పెట్టి ఒక్కదాన్నే చూడండి. నల్లగా మెరిసే భాగం గట్టి నారల కవచం, బయటివైపు టోపీలా కమ్ముకుని ఉంటుంది. లోపలివైపు ఒకటో రెండో వెడల్పాటి రంధ్రాలు, సూదిమొనతో పొడిచినట్టు కంటికే ఆనతాయి. అవి నీటి నాళాలు. టోపీకీ ఈ రంధ్రాలకూ నడుమ, ఎండిన దూలంలో ముడుచుకుపోయిన చిన్న మచ్చ ఒకటి ఉంటుంది. బతికున్నప్పుడు తీపి పారింది అక్కడ. మీదికి పోయే ఏరూ కిందికి దిగే ఏరూ మిల్లీమీటరు కూడా లేని ఎడంలో, ఒకే కవచం చాటున, ఆ చివరినుంచి ఈ చివరిదాకా పక్కపక్కనే నడిచాయి. ఎదురెదురు దిశల్లో సాగే రెండు కదలికలను ఒక్క చుక్కలో ఇమడ్చడం కంటే పొదుపైన శిల్పం ఏముంటుంది?

దూలం కోతలో చుక్కలు చెల్లాచెదురుగా ఉన్నట్టే కనిపిస్తాయి. అది కంటి భ్రమ అని తేల్చింది మార్టిన్ జిమ్మర్‌మన్, పి. బి. టామ్లిన్సన్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు. 1960లలో వాళ్ళు రాపిస్ అనే చిన్న తాళజాతి మొక్కను ఎంచుకున్నారు, మన ఆఫీసుల గుమ్మాల ముందు కుండీల్లో పెంచేదే. దాని కాండాన్ని వరసగా పలచటి పొరలుగా కోస్తూ, ఒక్కో కోతనూ ఒక్కో ఫ్రేముగా సినిమా తీశారు. ఆ రీలు తిప్పితే తెర మీద చుక్కలు కదిలాయి. ప్రతి పుంజమూ పైకి పోతూ పోతూ అంచునుంచి మెల్లగా మధ్యకు జరుగుతుంది. ఆ తర్వాత చటుక్కున బయటికి తిరిగి ఒక ఆకులోకి వెళ్ళిపోతుంది. వెళ్ళే ముందు మాత్రం తన శాఖ ఒకదాన్ని మానులోనే వదులుతుంది. ఆ శాఖ మళ్ళీ అంచునుంచి మొదలుపెట్టి, మధ్యకు జరిగి, ఇంకో ఆకు దాకా సాగుతుంది. ఆకు రాలిపోతుంది గాని దారి ఆగిపోదు. పక్క పుంజాలకు చిన్న చిన్న వంతెనలు కూడా ఉంటాయి, ఒక దారి చెడితే ఇంకో దారి పట్టడానికి. చెదిరినట్టు కనిపించిన చోట ఇంత క్రమం ఉందని తెలిశాక దూలం కొసను మామూలుగా చూడడం నావల్ల కాదు.

ఇక నీటి ఏరు సంగతి. పెరిగిన తాడి ఇరవై, పాతిక మీటర్లుంటుంది. నీళ్ళను పైనుంచి పీల్చే ఏ పంపు అయినా పది మీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది, గాలి ఒత్తిడి అంతవరకే నెట్టగలదు కాబట్టి. తాడి ఆ హద్దును చప్పుడు లేకుండా దాటుతుంది. ఎలాగన్న ప్రశ్న శాస్త్రవేత్తలను రెండు శతాబ్దాలు వెంటాడింది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు పొద్దుతిరుగుడు మొక్క పగటిపూట ఎంత నీటిని ఆవిరి చేస్తుందో తూచి, 1727లో పుస్తకం అచ్చు వేశాడు. ఆకులు ఆవిరి చేయడానికీ వేళ్ళనుంచి నీరు ఎక్కడానికీ సంబంధం ఉందని ఆయన గ్రహించాడు. 1891లో జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బుర్గర్ ఇరవై మీటర్లు దాటిన ఓక్ చెట్టును మొదలు దగ్గర కోసి, ఆ తెగిన కొసను కణాలను చంపే పిక్రిక్ ఆమ్లంలో నిలిపాడు. విషం పైకి పాకింది, దారిలో బతికున్న కణాలన్నీ చచ్చాయి. అయినా ఆ ద్రవం కొసదాకా ఎక్కుతూనే ఉంది. నీళ్ళను ఎత్తేది మానులో బతికున్న కణాలు కావని ఆ ఓక్ చెట్టు చెప్పింది.

జవాబు 1894లో డబ్లిన్‌నుంచి వచ్చింది. నీళ్ళను కిందినుంచి నెట్టడం కాదు, పైనుంచి లాగడమే జరుగుతోందని హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే ఇద్దరు అన్నారు. లాగేది ఆకు. ఆకు లోపలి కణాల గోడల్లో మిల్లీమీటరులో లక్షో వంతు వెడల్పున్న సందులుంటాయి. ఆ సందుల్లో నీటి పొర ఆవిరై లోపలికి వంగినప్పుడు, వెనకున్న నీటిని తన వైపు గుంజుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ గుంజుడు ఆకు ఈనెలోంచి, మట్టలోంచి, మానులోంచి, వేరు కొసదాకా ఒకే తీగగా సాగుతుంది. బావి గిలక మీద చేదతాడు బిగిసినట్టు బిగుస్తుంది. ఇక్కడ తాడూ నీళ్ళే, చేదా నీళ్ళే, తోడేది ఎండ. చెట్టు తన శక్తిని ఖర్చు పెట్టేది నాళాలు కట్టడం వరకే. ఆ తర్వాత అన్ని మీటర్లూ ఎత్తేది సూర్యుడు.

ఆ నాళాలు కట్టే తీరు మరీ విశేషం. నీటి నాళంగా మారబోయే కణం ముందు తన గోడలను లిగ్నిన్‌తో గట్టి చేసుకుంటుంది. పని పూర్తయ్యాక తన లోపలి ద్రవ్యాన్నంతటినీ తానే జీర్ణం చేసుకుని చనిపోతుంది. బతికున్నంతసేపూ అది అడ్డు, పోయాకే దారి. మిట్టమధ్యాహ్నం పది, పదిహేను వాతావరణ పీడనాలకు సమానమైన లాగుడు ఆ గోడల మీద పడుతుంది. నాళం నలిగిపోదు. ఈ లాగుడు ఊహ కాదని 1965లో పెర్ షోలాండర్ బృందం కొలిచి చూపించింది. అందని ఎత్తులో ఉన్న కొమ్మలను తుపాకీతో కొట్టి కింద పడేసి, వాటిని పీడన పేటికలో బిగించి, తెగిన కొసన నీరు మళ్ళీ ఊరడానికి ఎంత ఒత్తిడి కావాలో చూశారు.

ఇక్కడ జగదీశ్ చంద్ర బోస్‌ను తలచుకోవాలి. 1923లో రసారోహణం మీద ఆయన ఒక పెద్ద గ్రంథం రాశారు. కాండం లోపలి పొరలో బతికున్న కణాలు లయగా స్పందిస్తూ నీటిని పైకి పంపుతాయని ఆయన నమ్మారు. చెట్టులో గుండె చప్పుడు వినాలన్న తపన అది. నీటి విషయంలో తర్వాతి శాస్త్రం డిక్సన్, జోలీల వైపు నిలిచింది. అయినా చెట్టు లోపల బతికున్న ప్రవాహం ఒకటి ఉందన్న ఆయన స్పృహను నేను గౌరవిస్తాను. అది నీటి ఏరు కాదు, తీపి ఏరు. దాని పుట్టిల్లు ఆకు.

తాటాకును మనం మడతలుగానే చూస్తాం, విసనకర్రగా, పందిరి కప్పుగా, తాళపత్రంగా. మడత విప్పకుండా చెట్టు మీదే చూస్తే ఆ మడతల లెక్క తెలుస్తుంది. ఎండ ఏ మూలనుంచి వచ్చినా ఏదో ఒక మడత దానికి ఎదురుగా నిలుస్తుంది, గాలికి మొత్తం ఆకు బిగువు కోల్పోదు. ప్రతి మడతలోనూ పొడవునా ఈనెలు. ఈనె అంటే మానులో చూసిన ఆ పుంజమే, ఇక్కడికి వచ్చి సన్నబడింది. నారతో, నీటి నాళంతో, తీపి నాళంతో సహా వచ్చింది. శతాబ్దాలపాటు మన పుస్తకాల్లో గంటం నడిచింది ఈ ఈనెల వెంబడే.

ఆ ఈనెల మధ్య పచ్చని కణాల్లో జరిగేదాన్ని కిరణజన్య సంయోగక్రియ అని బడిలో ఒక్క సమీకరణంగా చదువుకుని వదిలేశాం. దానిలో ఒక తాళం ఉంది. 1969లో ఫ్రాన్సులో పియేర్ జోలియో చీకట్లో ఉంచిన హరితరేణువుల మీద క్షణికమైన మెరుపులు ఒక్కొక్కటిగా ప్రసరింపజేసి, ఏ మెరుపుకు ఎంత ఆక్సిజన్ వస్తుందో చూశాడు. మొదటి మెరుపుకు ఇంచుమించు ఏమీ లేదు. మూడోదానికి పెద్ద విడుదల. మళ్ళీ ఏడోదానికి, పదకొండోదానికి. నాలుగేసి దెబ్బలకు ఒకసారి. మరుసటి ఏడాది బెసెల్ కోక్ దీనికి అర్థం చెప్పాడు. రెండు నీటి అణువులను చీల్చి ఒక ఆక్సిజన్ అణువును వదలాలంటే నాలుగు ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా ఊడలాగాలి. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు కలిసిన చిన్న ముడి ఆ నాలుగు మెట్లూ ఎక్కి, నాలుగో మెట్టు మీద ఆక్సిజన్‌ను వదిలి, మళ్ళీ మొదటికి వస్తుంది. మన పొలాల్లోని ప్రతి పచ్చని ఆకూ పగలల్లా వేసే తాళం చతురస్రమే. ఆ తాళం తప్పితే మనకు ఊపిరి లేదు. మనం పీల్చే ఆక్సిజన్ అలా నీటినుంచే వచ్చిందని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌నుంచి కాదని, బరువైన ఆక్సిజన్ పరమాణువుతో గుర్తు పెట్టిన నీటిని వాడి శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బృందం 1941లో చూపింది.

కార్బన్ డయాక్సైడ్ వంతు చక్కెరలోకి వెళ్ళడం. ఫ్లెమిష్ వైద్యుడు వాన్ హెల్మాంట్ అయిదేళ్ళు ఒక తొట్టిలో విల్లో మొక్కను పెంచి తూచాడు. చెట్టు 160 పౌండ్లకు పైగా పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. బరువంతా నీళ్ళదే అనుకున్నాడు. ఆయన రాతలు 1648లో వెలువడ్డాయి. గాలికి అందులో పెద్ద వాటా ఉందని తేలడానికి ఇంకో శతాబ్దంన్నర పట్టింది. ఇంటి కప్పును మోస్తున్న ఆ తాటి దూలం బరువులో ఎక్కువ భాగం ఒకప్పుడు మన పొలాల మీద వీచిన గాలే.

ఆ గాలిని లోపలికి తీసుకోవడానికి ఆకు పత్రరంధ్రాలు తెరవాలి. తెరిస్తే నీరు పోతుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు దొరకడానికి నీటి అణువులు వందల్లో ఎగిరిపోతాయి. వేరు తెచ్చిన నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా ఇలా ఆవిరయ్యేదే. మొదటిసారి వింటే దుబారా అనిపిస్తుంది. అయితే నీళ్ళను పాతిక మీటర్లు ఎత్తే లాగుడు పుట్టింది ఈ నష్టంలోంచే కదా. నేలలోని నత్రజని, భాస్వరం, పొటాషియం ఆకుకు చేరడమూ ఆ నీళ్ళతోనే. పోగొట్టుకోవడమే రాబట్టుకోవడమైన ఈ సంధి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కథలో ఏ సంఘటన వల్ల నాయకుడు నష్టపోయాడనుకుంటామో, ఆ సంఘటనే కథను నడిపించిందని తేలే చోటు వంటిది ఇది.

చక్కెర తయారైంది. ఇక ప్రయాణం. చెట్టు దాన్ని గ్లూకోజుగా పంపదు, సుక్రోజుగా పంపుతుంది. గ్లూకోజు దారిలో దేనితోనైనా కలబడే రకం, సుక్రోజు నిలకడైనది. దాన్ని మోసే చాలనీ నాళం నీటి నాళంలా చచ్చిన గొట్టం కాదు, బతికున్న కణాల వరస. కాకపోతే ఆ కణం దారి ఇవ్వడం కోసం తన కేంద్రకాన్ని వదులుకుంది. తనకు కావలసిన ప్రోటీన్లను తాను తయారు చేసుకోలేదు. పక్కనే అంటిపెట్టుకుని ఉండే సహకణం దాన్ని పోషిస్తుంది. ఒకటి చనిపోయి నీటికి దారి అయింది, ఇంకొకటి సగం బతుకుతో తీపికి దారి అయింది. రెండు త్యాగాల తరహా వేరు, ఒక్క పుంజంలోనే రెండూ ఉన్నాయి.

మన రక్తంలో ఎర్రకణం కూడా కేంద్రకం లేనిదే. దాని ఆయుష్షు సుమారు 120 రోజులు. తాళజాతి చెట్ల మానుల్లోని చాలనీ కణాలు చెట్టు ఉన్నన్నాళ్ళూ, అంటే వందేళ్ళు దాటి కూడా, పనిచేస్తూ బతుకుతాయని టామ్లిన్సన్ పరిశోధనలు చెబుతున్నాయి. విభాజ్య కణావళి లేని చెట్టుకు వేరే గతి లేదు మరి. తాత నాటిన తాడి మొదట్లో ఇవాళ తీపి మోస్తున్న కణం తాత నాటిదే.

తీపిని కదిలించే పద్ధతిని 1930లో జర్మన్ అటవీ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మ్యుంచ్ వివరించాడు. ఆకులో సుక్రోజు నాళంలోకి దట్టంగా చేరితే, ద్రవాభిసరణ వల్ల పక్కనున్న నీటి నాళంలోంచి నీళ్ళు అందులోకి దూకుతాయి. ఒత్తిడి పెరుగుతుంది. వేళ్ళ దగ్గరో, గెల దగ్గరో చక్కెర బయటికి తీసుకోవడంతో అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువనుంచి తక్కువకు ప్రవాహం. కాబట్టి తీపి ఏటికి నీళ్ళిచ్చేది నీటి ఏరే. ఒకదాంట్లో లాగుడు, ఇంకొకదాంట్లో తోపుడు. ఒకదాన్ని నడిపేది పైనున్న పొడి, ఇంకొకదాన్ని నడిపేది లోపలున్న తీపి. నీటి ఏరు ఎండ ముదిరితే ఉరుకుతుంది. తీపి ఏరు నింపాదిగా గంటకు అర మీటరో, మీటరో సాగుతుంది. ఇవాళ ఆకులో పుట్టిన చక్కెర వేరు కొసకు చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడవవచ్చు. విలంబితమూ ద్రుతమూ పక్కపక్క గదుల్లో ఒకేసారి నడవడం ఇంకెక్కడ వింటాం?

ఈ తీపి ఏటిని తాకడం శాస్త్రవేత్తలకు కష్టమైన పని. సూది గుచ్చితే చాలు నాళం మూసుకుంటుంది. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే ఇద్దరు పేనుబంక పురుగును ఆశ్రయించారు. అది తన సన్నని తొండాన్ని సరిగ్గా తీపి నాళంలోకే దించుతుంది. పురుగును తొలగించి తొండాన్ని వదిలేస్తే, దాని కొసన రసం తనంతట తానే బొట్లుగా వచ్చింది. ఒత్తిడి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పెద్ద గుట్టు పట్టారు. అయితే ఆ బొట్టు కోసం పురుగు తొండం దాకా పోవాల్సిన అవసరం మన గీత కార్మికుడికి ఏనాడూ రాలేదు.

అతను ముస్తాదు కట్టి, మోకు వేసుకుని, తాడెక్కి చేసేది ఈ ఏటిని గెల కొసన తెరవడం. పోతుతాడిలోనైనా పండుతాడిలోనైనా లేత గెలను ముందు కొన్ని రోజులు నొక్కి సాధు చేస్తాడు. ఆ తర్వాత కొసను గీత కత్తితో పలచగా చెక్కుతాడు. గాయమైన చోట చాలనీ నాళాల రంధ్రాల మీద కాలోజ్ అనే పదార్థం పేరుకుని దారి మూసేస్తుంది. పొద్దునా సాయంత్రం అతను తీసే ఆకంత మందం చెక్కుతో ఆ మూత పోతుంది. ఎక్కువ కోస్తే గెల వృథా, తక్కువ కోస్తే ఊట ఆగుతుంది. ఆ మందం అతని మణికట్టుకు తెలుసు. పూలకూ కాయలకూ పోవలసిన తీపి లొట్టిలోకి దిగుతుంది. దిగేటప్పుడు అది నిర్మలంగా, నూటికి పది పాళ్ళకు పైగా చక్కెరతో ఉంటుంది. సున్నం పూసిన కుండలోకి దింపితే తీపి చెడకుండా నీరాగా నిలుస్తుంది, కాచితే తాటిబెల్లమవుతుంది. లేకపోతే గాలిలోని ఈస్టు దాన్ని గంటల్లో కల్లు చేస్తుంది. తాళజాతి చెట్లనుంచి కారే ఈ రసం గురించి డచ్ శాస్త్రజ్ఞుడు టామెస్ 1933లో వ్యాసం రాశాడు. గౌడన్నల చేతికత్తి ఆ ఏటిని అంతకు ఎన్నో తరాల ముందే చదివేసింది. మ్యుంచ్ సిద్ధాంతానికి లోకంలో దొరికే అత్యంత ఉదారమైన ఉదాహరణ మన పొలం గట్టున రోజూ లీటర్లకొద్దీ కారుతోంది. ఆ పనితనాన్ని శాస్త్రం పక్కన కూర్చోబెట్టి గౌరవించడం మనం ఇంకా నేర్చుకోవలసే ఉంది.

నేల కింద కూడా ఇదే ఔచిత్యం. తాడికి తల్లివేరు లేదు, మొదట్లోంచి మోకుల్లాంటి వేళ్ళు గుంపుగా దిగుతాయి. ప్రతి వేరు లోపలా ఒక కణాల వలయం, ఆ కణాల గోడలకు నీరు చొరని పట్టీ. 1865లో రాబర్ట్ కాస్పరీ దాన్ని వర్ణించాడు. కణాల సందుల్లోంచి దొంగదారిన లోపలికి పోవడానికి లేదు, ప్రతి లవణమూ బతికున్న పొర ఒకదాన్ని దాటి తీరాలి. అలా ఎంచి తెచ్చుకున్నదాన్ని చెట్టు వదులుకోదు. మట్ట ఎండబోయే ముందు అందులోని నత్రజని, భాస్వరం, పొటాషియం చాలావరకు తీపి ఏటి దారిన వెనక్కి వచ్చేస్తాయి. కాల్షియం మాత్రం రాదు. నీటి ఏటిలో ఎక్కి వచ్చిన కాల్షియానికి తీపి ఏటిలో తిరుగు ప్రయాణం ఇంచుమించు లేదు. అది రాలే ఆకుతోనే పోతుంది. ఏది తిరిగి రావాలి, ఏది పోవాలి అన్న లెక్క రెండు ఏరులూ పంచుకున్నాయి.

ఇప్పుడు మళ్ళీ ఆ నల్లని గీతను దూరంనుంచి చూద్దాం. టెంక మొలిచినప్పుడు తాడి పైకి రాదు, కిందికి పోతుంది. టెంకలోని గట్టి ఆహారాన్ని బుర్రగుంజు కరిగించి పీల్చుకుని, లోతుకు దిగుతున్న మొలకకు అందిస్తుంది. మనం తంపటి వేసి తినే తేగ ఆ దాచుకున్న ఆహారమే. ఆ తర్వాత చాలా ఏళ్ళు చెట్టు ఎత్తు పెరగదు, నేల మట్టాన లావే కడుతుంది. తర్వాత లావెక్కే వీలు లేదు కాబట్టి, రాబోయే మొవ్వు మొత్తానికి సరిపడా నాళాలు మొదట్లోనే సమకూరాలి. అవి సమకూరాకే మాను లేస్తుంది. అందుకే మాను కిందినుంచి పైదాకా ఇంచుమించు ఒకే లావు. అందుకే కొమ్మలు లేవు, కొమ్మలకు కావలసిన కొత్త నాళాలు పోసేవారెవరు? అందుకే ఇరవై ఏళ్ళ తాడికి ఎన్ని ఆకులో ఎనభై ఏళ్ళ తాడికీ దాదాపు అన్నే. కొత్త ఆకు ఒకటి విచ్చుకుంటే పాత ఆకు ఒకటి సెలవు తీసుకోవాలి. మనం మోటుగా ఉందనుకున్న ప్రతి రేఖకూ లోపలి ప్రవాహంలో కారణం ఉంది.

ఎండకు నీటి తీగ తెగే ప్రమాదాన్ని కూడా రూపమే కాచుకుంటుంది. లాగుడు మరీ పెరిగితే నాళంలో గాలి బుడగ పుట్టి తీగ తెగుతుంది. జిమ్మర్‌మన్ చూసినదేమంటే, తాళజాతి మొక్కల్లో ఆకు మానులో కలిసే చోట నీటికి అడ్డంకి ఎక్కువ. 1986లో జాన్ స్పెరీ అదే రాపిస్ మీద కొలిచి, కరవులో బుడగలు మట్టల్లోనే పుడతాయనీ మాను క్షేమంగా ఉంటుందనీ చూపాడు. ఆకును మళ్ళీ వేసుకోవచ్చు, మానును వేసుకోలేదు. కాబట్టి దెబ్బ ఆకు దగ్గర ఆగాలి. వేసవిలో తాడి మెడ చుట్టూ వేలాడే ఎండు మట్టలను చూసి చెట్టు చిక్కిపోయిందనుకుంటాం. అది కృశించడం కాదు, అదుపు.

రచన ఏదైనా నేను దానికి రెండు పరీక్షలు పెడతాను. ఒకటి తీసేస్తే కూలుతుందా? ఒకటి కలిపితే బరువవుతుందా? తాడి ఈ రెండింటికీ నిలబడుతుంది. ఒక ఏరు తీసేస్తే రెండోది పారదు. ఒక కొమ్మ కలిపితే మోసే నాళం లేదు. అలంకారమని విడిగా చూపదగ్గది దానిలో ఏదీ లేదు, ఉన్నదంతా అవసరమే, ఆ అవసరాలన్నీ కలిసి ఒక్క నిలువు గీతగా తేలాయి. కట్టెలకనో, గట్టు అడ్డమనో అరగంటలో ఒక తాడిని పడగొట్టేవాళ్ళు పడగొట్టేది మొద్దును కాదు, నూరేళ్ళుగా ఆగకుండా పనిచేస్తున్న కణాలను, తిరిగి రాయడానికి వీల్లేని ప్రతిని. మన సాహిత్యంలో, శిల్పంలో, సంగీతంలో మితికి గొప్ప ఉదాహరణలు చెప్పమంటే ఇకమీదట ఆ జాబితాలో తాడిని కూడా రాస్తాను, చివర్న కాదు, మొదట్లోనే.